విద్యార్థి పరిశోధనకు గ్రంథాలయమా, ఇంటర్నెట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ: మీరు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నారు. కలరా వ్యాధికీ తాగునీటికీ ఉన్న సంబంధం ఎలా బయటపడిందన్న అంశం మీద ప్రాజెక్టు నివేదిక రాయాలి. కావలసినదంతా ఫోన్‌లోనే దొరుకుతున్నప్పుడు గ్రంథాలయంలో గంటల తరబడి కూర్చోవడం దేనికని మీ సందేహం. ఉపయుక్త గ్రంథాల జాబితాలో కొన్నయినా పుస్తకాలు ఉండి తీరాలని మీ అధ్యాపకులు అన్నారు, మీకు అందుబాటులో ఉన్న గ్రంథాలయంలో చూస్తే అన్నీ పాత పుస్తకాలే. నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని రిఫరెన్స్ విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో తరచూ నా ముందుకు వస్తూనే ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

సూటిగా చెప్పాలంటే రెండూ కావాలి. అయితే ఏ దశలో ఏది అన్నదే అసలు సంగతి. విషయం మీద ఇంకా పట్టు చిక్కనప్పుడు గ్రంథాలయంతో మొదలుపెట్టండి. ఏం వెతకాలో తెలిశాక ఇంటర్నెట్‌ను విస్తారంగా వాడుకోండి. నివేదికలో రాయబోయే ముఖ్యమైన ప్రతి వాక్యానికీ మూలం ఎక్కడుంటే అక్కడికి, అది అర మీద ఉన్నా తెర మీద ఉన్నా, స్వయంగా వెళ్లి చూడండి. ఈ క్రమాన్ని తలకిందులు చేసిన విద్యార్థులే ఎక్కువ కాలం వృథా చేసుకోవడం నేను చూశాను.

సెర్చ్ ఇంజన్ శక్తిమంతమైన సాధనమే, అందులో సందేహం లేదు. కానీ మీరు టైపు చేసిన మాటలకు సరిపోయే పేజీలను తెచ్చిపెట్టడం దాని పని. కొత్త విషయంలో అప్పుడే అడుగుపెట్టిన విద్యార్థి దగ్గర లేనివి సరిగ్గా ఆ మాటలే. ఆ రంగంలో ముఖ్యులెవరు, ఏ అంశాల మీద వాదోపవాదాలు జరిగాయి, ఏవి తేలాయి, ఏవి ఇంకా తేలలేదు అన్నవి తెలియకుండా వెతికితే, ఎక్కువమంది చదివే కథనమే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పది పేజీలు తెరిస్తే పదింటిలోనూ అదే ఉంటుంది. అన్నిచోట్లా ఉంది కనుక అదే నిజమనీ, విషయమంతా చదివేశామనీ అనిపిస్తుంది. ఒక మంచి పాఠ్యగ్రంథమో, ఆ విషయానికి ప్రత్యేకించిన విజ్ఞానసర్వస్వమో తీసుకుని, ముందు విషయసూచికనూ చివర అకారాది పదసూచినీ నింపాదిగా చూస్తే చాలు, ఆ విషయం ఎంత మేర విస్తరించి ఉందో, అందులో మీ అంశం ఏ మూలన ఉందో అరగంటలో తెలుస్తుంది. అడగవలసిన ప్రశ్నలు ఏమిటో మనకు నేర్పేది ఆ అరగంటే.

మీ అంశాన్నే ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు. కలరా, తాగునీరు అని వెతికితే మీకు వెంటనే ఎదురయ్యే పేరు ఆంగ్ల వైద్యుడు జాన్ స్నో. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు ఆయన మరణాలను ఒక పటం మీద గుర్తించారనీ, ఆ పటం చూశాక బ్రాడ్ స్ట్రీట్ పంపు నీరే కారణమని ఆయనకు స్ఫురించిందనీ, ఆ పంపు పిడిని తీయించగానే వ్యాధి ఆగిపోయిందనీ లెక్కలేనన్ని పేజీలు చెబుతాయి. కథ చక్కగా ఉంటుంది, పటం కూడా చూడముచ్చటగా ఉంటుంది, విద్యార్థులు నివేదికలో యథాతథంగా ఎక్కించేస్తారు.

ఇప్పుడు ప్రజారోగ్య చరిత్ర మీద ఏదైనా నాణ్యమైన పుస్తకం తీసి ఆ అధ్యాయం చదవండి. నీటి ద్వారా కలరా వ్యాపిస్తుందన్న తన సిద్ధాంతాన్ని స్నో 1849లోనే చిన్న పుస్తకంగా అచ్చువేశారని అందులో ఉంటుంది. అంటే ఆలోచన పటంలోంచి పుట్టలేదు. అయిదేళ్ల కిందటే ఉన్న ఆలోచనకు పటం సాక్ష్యంగా నిలిచింది. పాదసూచికను పట్టుకుని 1855లో బాగా విస్తరించి వెలువడిన రెండవ ముద్రణ దగ్గరికి వెళ్తే ఇంకో సంగతి తెలుస్తుంది. సెప్టెంబరు 8న పంపు పిడి తీసేసే నాటికే జనం ఆ ప్రాంతం వదిలి వెళ్లిపోవడం వల్ల వ్యాధి చాలావరకు తగ్గుముఖం పట్టిందనీ, అప్పటికి ఆ బావి నీటిలో కలరా విషం ఇంకా ఉందో లేదో తేల్చడం అసాధ్యమనీ స్నోయే రాశారు. పిడి తీయగానే వ్యాధి ఆగిందని ఆయన చెప్పుకోలేదు. తరువాతివాళ్లు ఆయన తరఫున చెప్పారు.

అంతకంటే ముఖ్యమైన సాక్ష్యం అదే పుస్తకంలో వేరేచోట ఉంది, దాన్ని మాత్రం చాలా పేజీలు ప్రస్తావించవు. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీల నీరు ఒకే వీధుల్లోని ఇళ్లకు పక్కపక్కనే సరఫరా అయ్యేది. లాంబెత్ కంపెనీ 1852లో తన నీటిని థేమ్స్ నదిలో నగరపు మురుగు కలవని ఎగువ ప్రాంతం నుంచి తీసుకోవడం మొదలుపెట్టింది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మాత్రం మురుగు కలిసే చోటి నుంచే తోడుతూ వచ్చింది. స్నో ఇంటింటి వివరాలు సేకరించి లెక్క వేస్తే, మురుగు నీరు తాగిన ప్రతి పదివేల ఇళ్లకు 315 కలరా మరణాలు, ఎగువ నీరు తాగిన ప్రతి పదివేల ఇళ్లకు 37 మరణాలు తేలాయి. శాస్త్రీయంగా చూస్తే పంపు కథకంటే ఈ పోలికే ఎంతో బలమైనది. మీ నివేదికకు వెన్నెముకగా నిలవవలసింది ఇదే. 1854లోనే ఫ్లోరెన్స్‌లో ఫిలిప్పో పచీని కలరా సూక్ష్మజీవిని చూసి వర్ణించారన్న సంగతీ, దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడంతో 1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ నిరూపించేదాకా ఆగవలసి వచ్చిందన్న సంగతీ కూడా పుస్తకం చదివినవారికి వరుసక్రమంలో తెలుస్తాయి. ఫోన్‌లో వెతికినవారికి ఆ పేర్లు ముందే తెలిసి ఉంటే తప్ప ఎదురుకావు.

అయితే ఇక్కడ ఒకటి గమనించండి. స్నో పుస్తకపు 1855 ముద్రణ ఇంటర్నెట్‌లో ఉచితంగా, పూర్తిగా దొరుకుతుంది. గ్రంథాలయం లేకపోయినా మీరు దాన్ని ఈ క్షణమే తెరవగలరు. కానీ తెరవాలని, తెరిచి ఫలానా భాగం చూడాలని మీకు చెప్పింది ఒక చరిత్రకారుడి పాదసూచిక. పుస్తకంలో మనకు దక్కే అసలైన విలువ సమాచారం ఒక్కటే కాదు, ఆ సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చూపించే ఆ దారి. అందుకే పాదసూచికలూ గ్రంథసూచీ లేని రచనను, అది పుస్తకమైనా వెబ్ పేజీ అయినా, పరిశోధనకు ఆధారంగా తీసుకోకండి. పరిచయం కోసం చదువుకోవచ్చు, అంతే.

గ్రంథాలయపు అరలకు ఇంకో గుణం ఉంది. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన, విషయాన్ని బట్టి పుస్తకాలకు సంఖ్యలిచ్చే దశాంశ వర్గీకరణను అనుసరించే గ్రంథాలయంలో ప్రజారోగ్యం 614 కింద ఉంటుంది. మీరు కేటలాగులో ఒక పుస్తకం సంఖ్య రాసుకుని ఆ అర దగ్గరికి వెళ్తే, దాని పక్కన మీరు పేరు కూడా వినని పుస్తకాలు అదే విషయం మీద కనిపిస్తాయి. వాటిని ఎవరో చదివి, అంచనా వేసి, ఇవన్నీ ఒక కుదురువని నిర్ణయించి అక్కడ పెట్టారు. ప్రకటన ఇచ్చినవారో, ఎక్కువమంది నొక్కినవారో పైకి వచ్చే ఏర్పాటు కాదది. కాకపోతే దీనికీ ఒక లోపం ఉంది. ఒక పుస్తకాన్ని ఒకచోటే పెట్టగలం. మీ అంశం మీది పుస్తకాలు ప్రజారోగ్యం కింద 614లో, వ్యాధుల కింద 616లో, నీటి సరఫరాకూ మురుగు పారుదలకూ సంబంధించిన పారిశుద్ధ్య ఇంజనీరింగ్ కింద 628లో, ఇంగ్లండ్ చరిత్ర కింద 942లో చెల్లాచెదురుగా ఉంటాయి. ఒక అర దగ్గర నిలబడి ఉన్నవి ఇంతేననుకుంటే పొరపాటు.

ఆ చెదిరినవాటిని కలిపేది కేటలాగులోని విషయశీర్షిక. దీని సంగతి విద్యార్థుల్లో చాలామందికి ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం ఆగి చెబుతాను. ఒకే విషయాన్ని రచయితలు రకరకాల మాటలతో రాస్తారు, కాలాన్ని బట్టి ఆ మాటలు మారిపోతాయి కూడా. పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల నివేదికల్లో క్షయను కన్సంప్షన్ అనీ, థైసిస్ అనీ రాశారు. ట్యూబర్‌క్యులోసిస్ అని వెతికినవారికి అవి చిక్కవు. గ్రంథాలయ కేటలాగును తయారుచేసేవారు ఒక విషయానికి ఒకే అధికారిక శీర్షికను ఖాయం చేసి, రచయిత ఏ మాట వాడినా ఆ పుస్తకాన్ని దాని కింద చేరుస్తారు. వైద్య పరిశోధనల డేటాబేస్ అయిన పబ్‌మెడ్‌లో కూడా ఇదే పద్ధతి ఉంది. మీరు హార్ట్ ఎటాక్ అని వెతికినా అది మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అన్న శీర్షిక కింద ఉన్నవాటిని చూపుతుంది. కాబట్టి మీకు పనికివచ్చిన ఒక పుస్తకం దొరికితే కేటలాగులో దాని పూర్తి వివరాల పేజీ తెరిచి, అక్కడ ఇచ్చిన విషయశీర్షికను నొక్కండి. అరల మీద విడిపోయిన పుస్తకాలన్నీ ఒకచోట వరుసగా వస్తాయి. మామూలు సెర్చ్ ఇంజన్ పర్యాయపదాలను కొంతవరకు పసిగడుతుంది, కానీ ఏది పసిగట్టిందో ఏది వదిలేసిందో మీకు తెలిసే దారి లేదు.

ఇక గ్రంథాలయం, ఇంటర్నెట్ అని మనం గీసుకున్న గీత నిజానికి అంత స్పష్టంగా లేదు. మంచి పరిశోధన పత్రాలు చాలావరకు జర్నళ్లలో ఉంటాయి, ఆ జర్నళ్లు ఇంటర్నెట్‌లోనే ఉంటాయి, కానీ చందా కట్టినవారికే తెరుచుకుంటాయి. ఆ చందా మీ తరఫున కట్టేది గ్రంథాలయం. 1995లో మొదలైన జేస్టోర్ వంటి జర్నళ్ల భాండాగారాలకు మీ సంస్థకు చందా ఉందేమో కనుక్కోండి. ఉంటే ఇంటి నుంచి కూడా లాగిన్ అయ్యే వీలు సాధారణంగా ఉంటుంది. ఫోన్‌లో వెతికి, డబ్బు కట్టమన్న పేజీ రాగానే వెనుదిరిగే విద్యార్థులు తమకు ఉచితంగా అందవలసిన దాన్నే వదులుకుంటున్నారు. చందా లేకపోయినా మూడు దారులున్నాయి. పరిశోధన పత్రాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో పత్రం పేరుతో వెతికి, ఆ ఫలితం కింద ఉన్న ఇతర ప్రతుల లింకును చూస్తే రచయిత స్వయంగా పెట్టిన ఉచిత ప్రతి ఒక్కోసారి దొరుకుతుంది. ఓపెన్ యాక్సెస్ జర్నళ్లను ఒకచోట చేర్చిన డైరెక్టరీ 2003 నుంచి ఉంది. ఇవేవీ ఫలించకపోతే ఇంటర్ లైబ్రరీ లోన్ కింద మరో గ్రంథాలయం నుంచి తెప్పించమని అడగవచ్చు.

అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయన్న నమ్మకం ఎక్కడ దెబ్బతింటుందో కూడా తెలుసుకోవాలి. కాపీహక్కు చాలా దేశాల్లో రచయిత మరణించాక 50 నుంచి 70 ఏళ్ల దాకా కొనసాగుతుంది. అందువల్ల బాగా పాత పుస్తకాలు స్కాన్ అయి ఉచితంగా దొరుకుతాయి, కొత్తవి ఈ-పుస్తకాలుగా వస్తాయి, ఇరవయ్యో శతాబ్దపు నడిమి దశాబ్దాల పుస్తకాల్లో మాత్రం అనేకం రెండింటికీ చెందక అరల మీదే ఉండిపోయాయి. గూగుల్ బుక్స్‌లో వెతికితే అవి ఉన్నట్టు తెలుస్తుంది, రెండు మూడు పంక్తులు కనిపిస్తాయి, ముందువెనకలు కనిపించవు. ఆ రెండు పంక్తులను బట్టి రచయిత అభిప్రాయాన్ని రాసేయడం ప్రమాదం, ఎందుకంటే అది రచయిత ఖండించడానికి ఎత్తుకున్న వాదమే కావచ్చు. స్కాన్ అయిన పాత పుస్తకాల్లో కూడా అక్షరాలను యంత్రం సరిగ్గా చదవకపోతే వెతుకులాటలో అవి పైకి రావు. రోమన్ లిపి కాని భాషల్లో, తెలుగుతో సహా, ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పుస్తకం అక్కడ ఉంటుంది, దొరకదు.

ఇదంతా చదివి నేను పుస్తకాల పక్షం వహిస్తున్నానని అనుకోవద్దు. కొన్ని పనుల్లో ఇంటర్నెట్‌కు సాటి లేదు, అక్కడ గ్రంథాలయంలో కూర్చోవడం నిజంగానే కాలయాపన. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు వంటి సంస్థల గణాంకాలను వారి వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి. అచ్చు పుస్తకంలోని పట్టిక వెలువడేనాటికే పాతబడుతుంది. నిన్నమొన్న జరిగిన పరిశోధన, చట్టంలో వచ్చిన మార్పు, ఇంకా పుస్తకంగా రాని విషయం, వేల మైళ్ల దూరంలోని భాండాగారంలో ఉన్న రాతప్రతి, ఇవన్నీ తెర మీద చూడవలసినవే.

పుస్తకం వెనక్కి మాత్రమే చూడగలదు, అంటే తనకంటే ముందు వచ్చినవాటినే ఉదహరించగలదు. ఒక పత్రాన్ని తరువాత ఎవరెవరు ఉదహరించారు, ఎవరు ఖండించారు అని ముందుకు చూడాలంటే ఉదహరణల సూచీ కావాలి. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో అటువంటి సూచీని విజ్ఞాన శాస్త్రాల కోసం సంపుటాలుగా అచ్చువేశారు. ఈనాడు అదే పని 2004లో వచ్చిన గూగుల్ స్కాలర్‌లో ప్రతి ఫలితం కిందా ఉన్న ఒక్క లింకుతో అయిపోతుంది. మీ గ్రంథాలయంలోని పాత పుస్తకం ప్రస్తావించిన పత్రాన్ని అక్కడ వెతికి, దాన్ని ఇటీవల ఉదహరించినవారి జాబితా చూడండి. పాత పుస్తకం నుంచి కొత్త పరిశోధనకు అదే వంతెన.

ముందుకు చూడడం ఎందుకంత అవసరమో ఒక్క ఉదాహరణ చాలు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలు రాకుండా పిల్లలకు వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చన్న భయానికి కారణమైన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందపు పత్రం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది, 2010లో ఆ పత్రిక దాన్ని పూర్తిగా ఉపసంహరించుకుంది. ఆన్‌లైన్ ప్రతి మీద ఉపసంహరించినట్టు పెద్ద అక్షరాలతో ఉంటుంది. బైండు చేసి అర మీద పెట్టిన 1998 సంపుటంలో, ఎవరైనా చేత్తో గుర్తు పెడితే తప్ప, ఆ పత్రం తొలినాటి రూపంలోనే ఉంటుంది. ఒక్క సంపుటం చూసి రాసే విద్యార్థికి ఆ సంగతి తెలియదు. కనుక వైద్య, విజ్ఞాన విషయాల్లో అచ్చులో చదివిన ప్రతి పత్రాన్నీ దాని డీఓఐ సంఖ్యతో ఆన్‌లైన్‌లో ఒకసారి సరిచూసుకోవాలి. డీఓఐ అంటే ఒక్కో పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. పాత పత్రాలకు కూడా తరువాతి కాలంలో వీటిని కేటాయించారు.

అదే సమయంలో వెబ్ పేజీ నిలకడ గురించి జాగ్రత్త పడాలి. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తరువాత అందుబాటులో లేవని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2024లో ప్రకటించింది. మీరు ఈ నెల ఉదహరించిన పేజీ మీ పరీక్షకుడు తెరిచే నాటికి మాయమై ఉండవచ్చు, లేదా అందులోని వాక్యమే మారిపోయి ఉండవచ్చు. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ చిరునామా ఇచ్చి భద్రపరచి, ఆ భద్రపరచిన లింకునూ చూసిన తేదీనీ మీ నివేదికలో ఇవ్వండి. రెండు నిమిషాల పని.

ఒకరిని చూసి ఒకరు రాసుకోవడం ఇంటర్నెట్‌కు ఉన్న మరో పెద్ద బలహీనత. 2008లో ఒక విద్యార్థి కోఆటి అనే అమెరికా ఖండపు జంతువు గురించిన వికీపీడియా వ్యాసంలో దానికి బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్ అనే పేరు కూడా ఉందని సరదాకు చేర్చాడు. అలాంటి పేరు అంతకుముందు లేదు. ఏళ్ల తరబడి అది అక్కడే ఉండిపోయింది, పత్రికలు దాన్ని వాడాయి, ఆఖరికి ఒక విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ వేసిన పుస్తకంలోకి కూడా ఎక్కింది. పైగా ఒక పత్రికా కథనమే వికీపీడియాలో ఆ పేరుకు ఆధారంగా చేరింది. చూడండి, పుస్తకం కూడా ఇందులో తప్పించుకోలేదు. నాలుగు చోట్ల కనిపించింది అన్నది రుజువు కాదు. ఆ నాలుగూ ఒకదాన్నొకటి చూసి రాయలేదని తేలితేనే రుజువు. వికీపీడియాను నేను వద్దనను. అందులోని మంచి వ్యాసాల కింద ఉండే మూలాల జాబితా కోసం నేనే విద్యార్థులను అక్కడికి పంపుతాను. ఉదహరించవలసింది ఆ మూలాలను.

తెలియని వెబ్‌సైట్ నమ్మదగినదో కాదో ఎలా తేల్చుకోవాలని మీరు అడగలేదు గాని, తరువాతి ప్రశ్న అదే అవుతుంది. ఆ పేజీని పైనుంచి కిందిదాకా చదివితే తేలదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చరిత్ర ఆచార్యులనూ, విద్యార్థులనూ, వృత్తిరీత్యా వాస్తవాలు సరిచూసేవారినీ పోల్చి చూసి 2017లో ప్రకటించిన అధ్యయనంలో, పేజీ రూపురేఖలకూ అధికారికంగా కనిపించే గుర్తులకూ ఆచార్యులు సైతం మోసపోయారనీ, వాస్తవాలు సరిచూసేవారు మాత్రం ఆ పేజీని అలా వదిలి, పక్కనే వేరే ట్యాబులు తెరిచి, ఈ సంస్థ ఎవరిది, దీని గురించి ఇతరులు ఏమంటున్నారు అని ముందు చూసుకుని తొందరగా, సరిగ్గా తేల్చారనీ వెల్లడైంది. మీరూ అదే అలవాటు చేసుకోండి.

కృత్రిమ మేధ చాట్‌బాట్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇటీవల మా దగ్గరికి వచ్చే పుస్తకాల జాబితాల్లో కొన్ని అక్కడి నుంచే వస్తున్నాయి. రచయిత నిజమైన వ్యక్తే అయి ఉంటారు, జర్నల్ నిజమైనదే, సంవత్సరం నమ్మదగినట్టే ఉంటుంది, కానీ ఆ పత్రమే లోకంలో ఉండదు. 2023లో న్యూయార్క్‌లోని ఒక ఫెడరల్ న్యాయస్థానంలో చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేని తీర్పులను ఉదహరించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. తెలియని భావనను సులభంగా వివరించమని అడగడానికీ, వెతకవలసిన పదాలు సూచించమని అడగడానికీ అవి పనికివస్తాయి. అవి ఇచ్చిన ప్రతి పుస్తకాన్నీ, ప్రతి పత్రాన్నీ మాత్రం గ్రంథాలయ కేటలాగులో గాని, డేటాబేస్‌లో గాని కళ్లతో చూసేదాకా నివేదికలో చేర్చకండి.

మీ గ్రంథాలయంలో పాత పుస్తకాలే ఉన్నాయన్నారు. ఏ విషయానికి పాతవి అన్నది చూసుకోవాలి. కలరా చికిత్స గురించి నలభై ఏళ్ల కిందటి పుస్తకం మీద ఆధారపడకూడదు. కానీ పంతొమ్మిదో శతాబ్దపు లండన్ నీటి సరఫరా చరిత్రకు అదే వయసున్న పుస్తకం ఈనాటికీ ప్రామాణికం కావచ్చు, ఎందుకంటే అక్కడ పనికివచ్చేది రచయిత పాత దస్తావేజుల్లో చేసిన శ్రమ, అది పాతబడదు. చరిత్రలో, సాహిత్యంలో, తత్త్వశాస్త్రంలో పాత పుస్తకాలకు ఆయుష్షు ఎక్కువ. వైద్యం, కంప్యూటర్లు, న్యాయం వంటి వాటిలో చాలా తక్కువ. మీ అంశంలో చరిత్ర పాలు పెద్దది కనుక ఆ పాత అరలే మీకు అక్కరకు వస్తాయి.

దీర్ఘంగా చదవవలసిన అధ్యాయాలను వీలైతే కాగితం మీదే చదవమని కూడా చెబుతాను. 54 అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో, సమాచారం ఇచ్చే రచనలను కాగితం మీద చదివినవారికి తెర మీద చదివినవారికంటే కొంత మెరుగ్గా అర్థమైందనీ, సమయం తక్కువ ఉన్నప్పుడు ఆ తేడా పెరిగిందనీ, కథలకు మాత్రం అటువంటి తేడా కనిపించలేదనీ తేలింది. తేడా చిన్నదే. కానీ నివేదికకు మూలస్తంభాలుగా నిలిచే రెండు మూడు అధ్యాయాల విషయంలో ఆ చిన్న తేడా కూడా విలువైనదే.

మీ పని ఇలా సాగితే బాగుంటుందని నా ఉద్దేశం. ముందు ఒక పూట గ్రంథాలయంలో కూర్చుని, 614 దగ్గర ఉన్నవాటిలో ప్రజారోగ్య చరిత్ర పుస్తకం ఒకటి, విజ్ఞానసర్వస్వంలో కలరా మీది వ్యాసం ఒకటి చదివి, పేర్లు, సంవత్సరాలు, వివాదాంశాలు, పాదసూచికల్లోని పుస్తకాల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంతో ఇంటర్నెట్‌కు వెళ్లి స్నో మూల గ్రంథాన్నీ, దాని మీద ఇటీవలి పత్రాలనూ, నేటి కలరా గణాంకాలనూ సేకరించండి. అందులో మీకు అందనివాటినీ, మీకు ఎదురైన పరస్పర విరుద్ధమైన మాటలనూ వేరుగా రాసి పెట్టుకుని మళ్లీ గ్రంథాలయానికి రండి. మొదటిసారి కంటే రెండోసారి వచ్చినప్పుడే ఎక్కువ లాభం ఉంటుంది, ఎందుకంటే అప్పటికి మీ చేతిలో కచ్చితమైన ప్రశ్నలు ఉంటాయి.

అప్పుడు తప్పక రిఫరెన్స్ విభాగంలో ఉన్నవారిని అడగండి. విద్యార్థులు మొహమాటపడి అరల మధ్య ఒంటరిగా తిరుగుతారు, దొరకలేదని వెళ్లిపోతారు, అది చూస్తే నాకు బాధ కలుగుతుంది. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్నది ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఇచ్చిన అయిదు సూత్రాలలో నాలుగవది. మేము ఆ బల్ల దగ్గర కూర్చున్నది అందుకే. కలరా మీద పుస్తకాలు కావాలని కాకుండా, దక్షిణ లండన్ నీటి కంపెనీల మీద స్నో వేసిన లెక్కలను ఆ కాలంలో ఎవరు ఒప్పుకోలేదు, ఏ కారణంతో ఒప్పుకోలేదు అని అడగండి. ఇప్పటిదాకా ఏమేం చూశారో, ఏ మాటలతో వెతికారో చెప్పండి, నివేదిక ఇవ్వవలసిన తేదీ కూడా చెప్పండి. బయటి నుంచి పుస్తకం తెప్పించాలంటే వారాలు పట్టవచ్చు కాబట్టి ఆ తేదీని బట్టే మేము ఏది సూచించాలో నిర్ణయించుకుంటాం.